కొత్త టైము తొడుక్కున్న పాత కొలత

కండక్టరమ్మ కృత్రిమ కాలు విప్పి బల్ల మీద పెట్టి, మేజోడు కిందికి లాగింది. మోకాలి కింద మిగిలిన కాలి మీద, సరిగ్గా ఎముక కొన తగిలే చోట, బొటనవేలి గోరంత ఎర్రటి పుండు. కొలతలక్క వంగి దాన్ని చూసింది. రెండు నెలల్లో ఇది రెండోసారి. అదే చోటు, అదే పుండు.

"ఏమనుకోకక్కా," అంది కండక్టరమ్మ. "కొలతలు తీసేటప్పుడు నేనే సరిగ్గా నిలబడలేదేమో. నా కాలే ఒక పద్ధతిలో లేదు."

ఆ మాటకు కొలతలక్కకు ఒళ్ళు మండింది. కండక్టరమ్మ మీద కాదు. పుండు పడ్డ మనిషే క్షమాపణ చెప్పుకుంటుంటే, తప్పెవరిదో తేల్చలేని తన మీద తనకే మంట.

కృత్రిమ కాళ్ళు, చేతులు తయారుచేసే ఆ కేంద్రంలో పన్నెండేళ్ళుగా ఆమెది కొలతల పని. తెగిన కాలు దూరే గిన్నెలాంటి భాగాన్ని సాకెట్ అంటారు. మొత్తం కాలికి ప్రాణం అదే. దాన్ని ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో కంప్యూటర్లో గీసేది ఆమే. రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే చాలు, మనిషి నడకే మారిపోతుంది. అందుకే కేంద్రంలో చిన్నా పెద్దా అందరికీ ఆమె కొలతలక్క. అసలు పేరు హాజరు రిజిస్టరుకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

కండక్టరమ్మకు ఈ కాలు ఎందుకు కావాలో ఆమెకు కంఠతా వచ్చు. ఏడాది కిందట డిపోలో, వెనక్కి వస్తున్న బస్సు చక్రం కింద కాలు పోయింది. మళ్ళీ డ్యూటీ ఇవ్వాలంటే డిపో డాక్టరు ముందు గంటసేపు నిలబడాలి, బస్సు మెట్లు ఇరవైసార్లు ఎక్కి దిగాలి. రెండు తారీఖులు ఇచ్చారు. మొదటిది మొదటి పుండుతో పోయింది, రెండోది మొన్న ఈ పుండుతో పోయింది. వచ్చే సోమవారం మూడోది, ఆఖరుది. అదీ తప్పితే పనికిరాదని రాసి ఇంటికి పంపేస్తారు.

"సోమవారానికి మానుతుందా అక్కా?"

"రెండు వారాలు పడుతుంది. ఈలోగా కాలు తొడిగితే పుండు ఇంకా లోతవుతుంది." అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వడం కొలతలక్కకు చేతకాదు.

అంతలో సూపరింటెండెంటు వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, రెండు నిమిషాలకోసారి చేతి గడియారం చూసుకునే చూపు. పుండును వంగి చూసి పెదవి విరిచాడు.

"మళ్ళీ అదే చోటా? ఏదమ్మా, డిజైన్ తెరువు చూద్దాం."

కొలతలక్క దర్జాగానే తెరిచింది. ఎముక కొన దగ్గర నాలుగు మిల్లీమీటర్ల ఖాళీ వదిలినట్టు ఆమెకు గుర్తు. గుర్తేమిటి, ఖాయం. మొదటి పుండు చూశాక ఆ నాలుగు మిల్లీమీటర్ల కోసమే కదా పొద్దున్నే కూర్చుని దిద్దింది! తెర మీద అంకె కనబడింది. ఒకటి.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. ఒకటే.

"నీ కంప్యూటరు, నీ ఫైలు, నీ చేత్తో గీసింది," అన్నాడు సూపరింటెండెంటు. "ఇంకెవరిని అడగమంటావు?"

కండక్టరమ్మ ముందే అన్నాడు. కొలతలక్కకు తల కొట్టేసినట్టయింది. ఆయన అక్కడితో ఆగలేదు. కండక్టరమ్మ రికార్డు తెరిచి, "రోగి కాలు సాకెట్‌కు అలవాటుపడలేదు" అని రాసి సంతకం పెట్టాడు. ఆమె వెళ్ళాక, "నిన్ను కాపాడటానికే రాశాను. నీ తప్పని రాస్తే నీకే నష్టం," అన్నాడు ఎంతో దయ చేసినట్టు. ఆ దయ కొలతలక్కకు చెంపదెబ్బ కన్నా ఎక్కువ తగిలింది.

ఇంటికెళ్ళి మొహం మాడ్చుకుని కూర్చుంది. భర్త టైలరు. ముందు గదే ఆయన కొట్టు. కాజాలు కుట్టుకుంటూ భార్య చెప్పిందంతా విన్నాడు.

"నా దగ్గరున్నది ఒక్కటే పుస్తకం," అన్నాడు మూలనున్న కొలతల పుస్తకం చూపిస్తూ. "అందులో నడుము ముప్పై నాలుగని రాస్తే, ఆ మనిషి లావెక్కినా పుస్తకం మాత్రం మారదు. నీకేమో మూడు కంప్యూటర్లు, మూడు పుస్తకాలు. అందులో ఏ పుస్తకం మాట ఏది వింటుందో!"

"అవి మూడు కాదు. మూడింట్లోనూ ఉండేది ఒకటే."

"ఒకటే అని నువ్వంటున్నావు. వాటికి చెప్పావా?"

"ఎగతాళి చాలించండి," అని కసిరింది గానీ ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

నిజానికి ఆ ఏర్పాటు పట్టుబట్టి చేయించింది తనే. అంతకుముందు అదొక సంత. కొలతల గదిలో ల్యాప్‌టాప్, తన బల్ల మీద పెద్ద కంప్యూటరు, వెనక చెక్కే గదిలో మిషనుకు తగిలించిన ముసలి కంప్యూటరు. పెన్ డ్రైవు పట్టుకుని మూడింటి మధ్యా కాలికి బలపం కట్టుకుని తిరిగేది. ఒకే మనిషి కాలికి ఒకచోట "ఫైనల్", ఇంకోచోట "అసలు ఫైనల్", మరోచోట "ఇదే ఫైనల్, ముట్టుకోవద్దు". ఏది నమ్మాలో దేవుడికే తెలియాలి. ఆరు నెలల కిందట మూడింటినీ కలిపించింది. ఒక్కో రోగికి ఒక్కటే ఫోల్డరు. స్కానూ, కొలతలూ, డిజైనూ అన్నీ అందులోనే. ఒక కంప్యూటర్లో మారిస్తే మిగతా రెండింట్లోనూ దానంతటదే మారుతుంది. ఒకే ఫైలు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే, టైము చూసి, తర్వాత సేవ్ చేసినదాన్ని ఉంచుతుంది, ముందుదాన్ని తీసేస్తుంది. ఆ నియమం ఎంచుకున్నదీ ఆమే. ఇంతకన్నా న్యాయం ఏముంటుందని ఆ రోజు మురిసిపోయింది కూడా.

మర్నాడు కండక్టరమ్మ చంకకర్రల మీద పొద్దున్నే వచ్చింది. పుండు మానేలోగా మూడో సాకెట్ సిద్ధంగా ఉండాలి. ఏ రోజు ఏ సాకెట్ చెక్కాలో ముందు సాయంత్రమే జాబితాలో పెట్టేస్తారు. రోజు గడిచేకొద్దీ కాలు ఉబ్బుతుంది కాబట్టి ఆఖరి కొలత మాత్రం పొద్దున తీసి కాగితం మీద రాసుకోవాలి. ఆ కొలత పట్టుకుని, మిషను మొదలయ్యేలోపు కొలతలక్క దిద్దుబాటు చేస్తుంది. కష్టమైన కాళ్ళన్నిటికీ ఆమె పద్ధతి ఇదే.

ఈసారి పక్కన ఇంకో కాగితం పెట్టుకుంది. చేసిన ప్రతి మార్పూ టైముతో సహా రాసింది. ఎముక కొన దగ్గర ఖాళీ, నాలుగు. సేవ్ చేసింది, తొమ్మిదీ నలభై. ఫైలు మూసేసింది. మనసు ఊరుకోక రెండు నిమిషాలాగి మళ్ళీ తెరిచింది.

ఒకటి.

కళ్ళ ముందే! చెయ్యి కూడా వేయలేదు! ఫైలు పక్కన సేవ్ చేసిన టైము ఉంటుంది, అది చూసింది. తొమ్మిదీ యాభై ఎనిమిది. గోడ గడియారం చూసింది. తొమ్మిదీ నలభై రెండు. పక్కనున్న కండక్టరమ్మను అడిగింది, "టైమెంతమ్మా?"

"తొమ్మిదీ నలభై రెండు. బస్సు వాళ్ళ టైము, తప్పదు."

అంటే ఈ ఫైలును ఎవరో ఇంకా రాని టైములో సేవ్ చేశారన్నమాట. కొలతలక్క లేచి దాదాపు పరుగున వెనక చెక్కే గదికి వెళ్ళింది.

అక్కడ మిషన్ బాబాయ్ తెల్లటి నురగ దిమ్మను మిషనుకు బిగిస్తున్నాడు. దాన్ని డిజైన్ ప్రకారం చెక్కి, దాని మీద వేడి ప్లాస్టిక్ లాగితే సాకెట్ తయారవుతుంది. రిటైర్మెంటుకు రెండేళ్ళున్న పెద్దమనిషి. కనుబొమలతో సహా నురగ పొడి.

"బాబాయ్, కండక్టరమ్మ ఫైలు నువ్వు ముట్టుకున్నావా?"

"ముట్టుకోకపోతే ఎలాగమ్మా? రోజూ పొద్దున్నే జాబితాలో ఫైళ్ళన్నీ తెరిచి పెట్టుకుంటా. ఏ దిమ్మ పెడుతున్నానో ఆ నంబరు వేసి సేవ్ చేస్తా. లేకపోతే మిషను కదలదు. డిజైన్ జోలికి పోను, ఒట్టు."

"ఇది ఎప్పుడు సేవ్ చేశావు?"

"ఇప్పుడే. నువ్వు రావడానికి నాలుగైదు నిమిషాల ముందు."

ఆమె ముసలి కంప్యూటరు తెర మూల చూసింది. పదీ మూడు. చేతి గడియారం చూసుకుంది. తొమ్మిదీ నలభై మూడు దాటి అర నిమిషం కూడా కాలేదు.

"బాబాయ్, ఈ గడియారం ఇరవై నిమిషాలు ముందుంది!"

మిషన్ బాబాయ్ ఆమెను వింతగా చూశాడు. "అవును. పొద్దున ఇరవై ముందు, భోజనాలయ్యాక ఇరవై వెనక. నీకు తెలీదా? అందరికీ తెలుసు కదమ్మా."

అందరికీ అంటే వెనక గుమ్మంలోంచి వచ్చేవాళ్ళందరికీ. వాళ్ళు వేలిముద్ర వేసే యంత్రం ఆ కంప్యూటరుకే తగిలించి ఉంది. కొలతలక్క ముందు గుమ్మంలోంచి వచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టే మనిషి, ఆమెకు ఎవరూ చెప్పలేదు. సూపరింటెండెంటు పొద్దున అందరికన్నా ముందు వచ్చి దాన్ని ముందుకు తిప్పుతాడు. తొమ్మిదికి ఠంచనుగా వచ్చినవాడు కూడా ఇరవై నిమిషాలు ఆలస్యమవుతాడు. మూడు ఆలస్యాలకు ఒక సెలవు కట్. మధ్యాహ్నం వచ్చి వెనక్కి తిప్పుతాడు. అయిదుకి వెళ్ళాల్సినవాడు అయిదూ ఇరవై దాకా వేలు పెట్టలేడు.

"ఎవరూ అడగలేదా?"

"ఒకడు అడిగాడు. స్టోర్‌కి మార్చేశారు." బాబాయ్ గొంతు తగ్గించాడు. "సాయంత్రం నేనేసిన దిమ్మ నంబర్లు కొన్ని ఉండట్లేదని రెండు మెమోలు ఇచ్చాడు నాకు. రాశాన్రా బాబూ అంటే నమ్మడు. నాకే మతిమరుపు వచ్చిందేమోనని మీ పిన్ని లేహ్యం కూడా తినిపిస్తోంది."

కొలతలక్క స్టూలు లాక్కుని కూర్చుంది. అంతా ఒక్కసారిగా కళ్ళకు కట్టింది. బాబాయ్ తెరిచి పెట్టుకున్నది నిన్నటి డిజైన్. దానికి దిమ్మ నంబరు వేసి సేవ్ చేస్తే, దాని మీద ఇంకా రాని టైము పడుతుంది. ఆ తర్వాత తను దిద్దినా సరే, తన టైము వెనకబడి ఉంటుంది. పాత కొలత కొత్త టైము తొడుక్కుని వచ్చి, కొత్త కొలతను తోసేసి, తన కంప్యూటర్లో కూడా తిష్ఠ వేస్తుంది. సాక్ష్యం కూడా మిగలదు. మధ్యాహ్నం గడియారం వెనక్కి తిరిగాక, అదే లెక్కన బాబాయ్ వేసిన నంబర్లు పోతాయి. అందరికీ ఇలా జరగదు. ఎవరి కాలు కష్టమైనదో, ఎవరి కోసం పొద్దున్నే కూర్చుని ప్రత్యేకంగా దిద్దుతుందో, సరిగ్గా వాళ్ళకే జరుగుతుంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇరవై నిమిషాలు దొంగిలించడానికి ఒక మనిషి గడియారం తిప్పితే, అది ఒక ఆడమనిషి కాలు కోసింది. ఆ పైన ఆ కాలిదే తప్పని కాగితం!

"ఆ సేవ్ చేసింది తీసెయ్ బాబాయ్. నా డిజైన్ నేను స్వయంగా తెచ్చి ఇస్తాను, నా ఎదురుగా చెక్కు," అని చెప్పి, ఆమె తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్ళింది.

ఆయన మొత్తం విన్నాడు. విన్నంతసేపూ పేపర్‌వెయిట్ తిప్పుతూనే ఉన్నాడు.

"అది క్రమశిక్షణ కోసం పెట్టిన ఏర్పాటు. నీ ఫైళ్ళకు దానికి సంబంధం ఏమిటి?"

"ఇప్పుడు చెప్పింది అదే కదా సార్."

"తర్వాత సేవ్ చేసింది నెగ్గాలన్న రూలు ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టాను. ఆ తప్పు నాది, ఎక్కడైనా ఒప్పుకుంటాను. గడియారం అబద్ధం చెప్తుందని నా బుర్రకు తట్టలేదు. చెప్పించింది మాత్రం మీరు."

ఆయన మొహం ఎర్రబడింది. తర్వాత గొంతు మార్చాడు. "సరే, ఈ రోజే గడియారం సరిచేయిస్తా. ఇక ఈ సంగతి బయటికి పొక్కనివ్వకు. అందరికీ మంచిది."

"కండక్టరమ్మ రికార్డులో మీరు రాసింది కొట్టేయాలి సార్. సాకెట్ తప్పు, రోగి తప్పు కాదు, రెండు వారాలు గడువు ఇవ్వండి అని డిపోకి ఉత్తరం రాయాలి. లేకపోతే సోమవారం ఆమె ఉద్యోగం పోతుంది."

"ఉత్తరమా! కేంద్రం పరువు ఏం కాను? ఒక్క కండక్టర్ కోసం..."

ఆ మాట ఆయన పూర్తి చేయలేదు, ఆమె పూర్తిగా వినలేదు. తలుపు ధడేల్మని వేసుకుని వచ్చేసింది. పన్నెండేళ్ళలో ఆ తలుపును అలా వేసింది అదే మొదటిసారి.

కండక్టరమ్మ కొలతల గదిలో చంకకర్రలు గోడకు ఆనించి కూర్చుని ఉంది. కొలతలక్క ఆమె ఎదురుగా కూర్చుని, గడియారం సంగతి, ఫైలు సంగతి, రికార్డులో రాసిన మాట, ఉత్తరం రాయనన్న సంగతి, తను పెట్టిన రూలుతో సహా ఏదీ దాచకుండా చెప్పింది.

కండక్టరమ్మ ఏడుస్తుందనుకుంది. ఆమె ఏడవలేదు. చెయ్యి చాపి తన కాలిని పట్టుకుంది.

"నా కాలిని నేను తిట్టుకున్నానక్కా," అంది. "దరిద్రపు కాలు, పోయింది చాలదా, మిగిలింది కూడా ఏడిపించాలా అని. మా అమ్మ దానికి నూనె రాస్తుంటే చెయ్యి విసిరికొట్టాను. రెండు నెలలు."

లేచి చంకకర్రలు అందుకుంది. "ఆ కాలు ఇలా ఇవ్వు."

రెండో సాకెట్ ఉన్న కాలును కొలతలక్క చేతుల్లో పట్టుకుని ఆమె వెంట నడిచింది. సూపరింటెండెంటు గదిలోకి అడగకుండానే వెళ్ళారు. కండక్టరమ్మ ఆ కాలు తీసుకుని ఆయన ముందున్న కాగితాల మీద నిలబెట్టింది.

"రాయండి," అంది. నిండు బస్సులో డెబ్భై మందిని ముందుకు జరిపిన గొంతు అది. కారిడార్లో ఉన్నవాళ్ళు కూడా తలలు తిప్పారు.

"చూడమ్మా, దీనికో పద్ధతి..."

"నా కాలిదే తప్పని రాయడానికి మీకు ఏ పద్ధతీ అడ్డు రాలేదు. నిన్న నా ముందే రాశారు, అర నిమిషం పట్టింది. ఇదీ అంతే పడుతుంది. నేను ఒంటికాలి మీద నిలబడే ఉన్నాను, కూర్చోను. రాయండి."

గుమ్మంలో మిషన్ బాబాయ్ వచ్చి నిలబడ్డాడు, ఒళ్ళంతా నురగ పొడితో. ఆయన వెనక ప్లాస్టిక్ లాగేవాళ్ళు, స్టోరు మనిషి. సూపరింటెండెంటు అందరినీ ఒకసారి చూసి, తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని, కాగితం తీసుకున్నాడు. మొదటిసారి రాసింది కొలతలక్క చదివి, "సాంకేతిక లోపం అని కాదు సార్. మా కేంద్రం తప్పు అని రాయండి," అంది. మళ్ళీ రాశాడు. సంతకం, ముద్ర పడ్డాయి. మిషన్ బాబాయే దగ్గరుండి కండక్టరమ్మను డిపోకి తీసుకెళ్ళాడు. రెండు వారాల గడువు దొరికిందని మధ్యాహ్నానికే ఫోన్ చేశాడు.

అక్కడితో అయిపోయేదే. కానీ గదిలోంచి వెళ్ళేటప్పుడు కండక్టరమ్మ ఒక మాట అడిగింది. "అక్కా, నాలాంటివాళ్ళు ఇంకెంతమంది?"

కొలతలక్క ఆ మధ్యాహ్నం బీరువాలో ఉన్న ఆరు నెలల పొద్దుటి కొలతల కాగితాలన్నీ కింద పరిచింది. ఒక్కో కాగితాన్నీ కంప్యూటర్లోని ఫైలుతో పోల్చి చూసింది. కాగితం మీద ఒక అంకె, ఫైల్లో మరో అంకె ఉన్నవాళ్ళు ఇరవై ముగ్గురు తేలారు. వాళ్ళ రికార్డులు తెరిచింది. "అలవాటుపడలేదు." "బరువు పెరిగాడు." "సహకరించలేదు." "రావడం మానేశాడు." ఇరవై మూడు ఇళ్ళల్లో ఇరవై ముగ్గురు తమ ఒంటిని తామే తిట్టుకుంటూ కూర్చున్నారు.

తెల్ల కాగితం మీద ఆ పేర్లూ నంబర్లూ రాసుకుని ఫోన్ ముందుకు లాక్కుంది. మొదటివాడు ఒక వడ్రంగి. ఆయన భార్య ఫోన్ తీసింది.

"ఆ కాలా? అటక మీద పడేశాడమ్మా. నా ఒళ్ళే దానికి పనికిరాదంటాడు. నాలుగు నెలలైంది గడప దాటి. ఎవరితోనూ మాట్లాడడు."

"ఆయన్ని ఒకసారి పిలవండి."

"రాడమ్మా. మీరేదో నాకు చెప్పండి, నేను చెప్తాను."

"లేదండీ, ఆయనకే చెప్పాలి. వచ్చేదాకా ఉంటాను."

అవతల ఫోన్ ఎక్కడో పెట్టిన చప్పుడు. ఇద్దరి గొంతులు, ఒకటి బతిమాలుతూ, ఒకటి కసురుతూ. కొలతలక్క చెవికి ఆనించుకున్న ఫోన్ తీయలేదు. చాలాసేపటికి కుర్చీ ఈడ్చిన శబ్దం వచ్చింది.

"ఎవరు?" అంది ఒక బొంగురు గొంతు.

"నేను కాళ్ళ కేంద్రంలో కొలతలు తీసేదాన్నండీ. మీకిచ్చిన సాకెట్ తప్పు కొలతతో చేసింది. తప్పు మాది. మీ ఒంట్లో ఏ లోపమూ లేదు."

అవతల ఫోన్ చెవికి ఇంకా దగ్గరగా నొక్కుకున్న చప్పుడు.

"మళ్ళీ చెప్పండి," అన్నాడు వడ్రంగి.